పిడుగురాళ్ల కాడ దిగిన మనిషి

నల్లగొండ,
6 జనవరి 2024

తమ్మీ సైదులూ,

గీ కాలంల ఉత్తరమేంది, అమరేందరన్నకు పిచ్చి లేసిందా అని నవ్వకు. మొన్న నువ్వు ఫోన్ చేసినవు గదా, నాకు ఒక్క ముక్క వినవడలే. మా నరేష్ ఫోన్ తన చెవుకు పెట్టుకొని, నువ్వన్నది విని, మల్ల నా చెవుల ఒర్లి చెప్పిండు. నువ్వు నన్ను తిట్టిన తిట్లన్ని మర్యాదగ మార్చి, "బాపూ, సైదులు కాక నీ ఆరోగ్యం అడుగుతుండు" అన్నడు. పద్నాలుగేండ్లు నా బండిల కండక్టర్‌గ చేసినోడివి, నువ్వు నా ఆరోగ్యం అడుగుడేంది? మజానే పోయింది. అందుకే కాయితం పట్టిన. తిట్లను తిట్ల లెక్కనే రాయి.

చెవుల పెట్టుకునే మిషిని కొనిచ్చిండు కొడుకు. పెట్టుకుంటే పక్కింటోళ్ల మిక్సీ వినవడుతది, నా కోడలు మనీష అప్పడం నమిలేది వినవడుతది, నేను నమిలేది అంతకన్న ఎక్కువ వినవడుతది. ఏది వినాల్నో అదొక్కటి తప్ప. తీసి డబ్బాల పెట్టిన. చెవిటోని ముంగట శంఖం ఊదితే ఏం బొక్క కొరుకుతున్నవు అన్నడంట. గా చెవిటోన్ని నేనే.

ఇగ అసలు సంగతి. పోయిన నెల మా ఏడు సీట్ల బండి ఎనుకకు తీస్తున్న. పక్కింటి అరుణమ్మ వాకిట్ల మిరపకాయలు ఎండవోసింది. నేను వాటి మీదికెల్లి పోనిచ్చిన. ఆమె ఒర్లిందంట, వినలే. ఏందో మెత్తగ తగులుతుందని ముందుకు తీసిన, మల్ల ఎనుకకు తీసిన. కారం మిషినిల గూడ అంత మెత్తగ రాదు. వాడ వాడంత తుమ్ములు. కుక్కలు గూడ తుమ్మినయి. ఒక్క యాక్సిడెంట్ లేని డ్రైవర్ అని నాకు డిపోల షాలువ కప్పిన్రు, నువ్వే సప్పట్లు కొట్టినవు. ఇప్పుడు వాడల నా పేరు కారంపొడి డ్రైవర్.

నరేష్ తాళంచెవి తీసి జేబుల ఏసుకున్నడు. "బాపూ, ఇగ నువ్వు నడుపొద్దు" అన్నడు. నేనేం తక్కువనా? అన్నం మానేసిన. బజార్ల దోశెలు తిన్న, అది నీ కడుపుల పెట్టుకో.

ఆఖరుకు నా బిడ్డ మనస్విని పంచాయితి చేసింది. అందరం కలిసి చీరాల పోవాలె, ఓడరేవుల సముద్రం చూడాలె. చిన్నప్పుడు ఎండకాలం సెలవులల్ల మన చీరాల బస్సుల ముందటి సీట్ల కూసొని వచ్చేటోళ్లు గదా ఇద్దరు. "గిన్ని నీళ్లు ఈడుంటే మన నల్లగొండల బోర్లెందుకు ఎండుతున్నయి బాపూ" అని అడిగింది చూడు, గదే పిల్ల. నల్లగొండ నుంచి చీరాల దాక నేనే నడుపాలె. ఒక్క తప్పు జరుగకపోతే తాళంచెవి నాది. తప్పు జరిగితే సచ్చేదాక స్టీరింగ్ ముట్టొద్దు. కొడుకు, బిడ్డ, కోడలు, అందరి ముంగట ఒప్పుకున్న. మీ వదిన కౌసల్య మాత్రం బియ్యం ఏరుకుంట కూసున్నది.

నువ్వు గూడ రావాలె. మరదలు ఈదమ్మను తోలుకొని రా. స్టీరింగ్ లేకుంటే నేనేం మనిషిని తమ్మీ? నా పరువు నీ చేతుల్ల ఉన్నది.

మీ అన్న,
అమరేందర్


ఆత్మకూర్,
19 జనవరి 2024

అమరేందరన్నకు దండాలు.

నీ ఉత్తరం అందింది. ఈదమ్మకు చదివి వినిపిచ్చిన. కుక్కలు తుమ్మిన కాడ ఆమె నవ్వి నవ్వి చేటలున్న పల్లీలన్ని కింద పోసింది. ఏరే పని నాకు పడ్డది.

నా బతుకేం బాగుందనుకుంటున్నవు? అత్తగారి రెండెకరాలు చేసుకుంట రాజు లెక్క ఉంటనని రిటైరైన నాడు అందరికి చెప్పుకున్న. పల్లి చేన్ల అడవిపందులు పడితే నోట్ల కండక్టర్ విజిల్ పెట్టి ఊదిన. అవి ఒక్కపారి నిలవడ్డయి, మల్ల కదిలినయి. "విజిలేస్తే బండి కదులుతది గానీ ఆగుతదా" అని మా ఈదమ్మ. పొద్దుమూకినంక కోళ్లను గూట్ల తోలేటప్పుడు "ముందుకు జరుగుండ్రి, ముందుకు జరుగుండ్రి" అంటున్ననంట. నాకు తెల్వదు, ఊరోళ్లు చెప్తరు.

చీరాలకు రావాల్ననే ఉన్నది అన్నా. నైట్‌హాల్ట్ నాడు ఓడరేవు ఇసుకల పండుకొని, మనకు ఈత రాదని ఎవ్వరికి చెప్పొద్దని ఒట్టేసుకున్నం. కానీ పల్లి పీకుడు ఉన్నది. రాలేను. ఏమనుకోకు.

ఒక్క మాట చెప్త, కోపం చేసుకోవద్దు. వదినను నీ పక్కన ముందటి సీట్ల కూసోవెట్టుకో. ఇంకోటి, పోయేటప్పుడు నువ్వు నడుపు గానీ, నడుమల జర నరేష్‌కు ఇయ్యి. వానికి గూడ చెయ్యి తిరుగాలె గదా. ఊకె అంటున్న. నీ ఇష్టం.

తమ్ముడు,
సైదులు


నల్లగొండ,
2 ఫిబ్రవరి 2024

సైదులూ,

నువ్వు గూడ గంతేనా? పల్లి పీకుడంట! నువ్వు పీకే పల్లి గురించి నాకు తెల్వదా? గట్టు మీద కూసొని కైకిలోళ్లను లెక్కవెడుతుంటవు.

నరేష్‌కు నడుమల ఇయ్యాల్నా? నేను నడిపే బండిల ఇంకోడు స్టీరింగ్ పట్టుడు ఎన్నడన్న చూసినవా? వదినను ముందట కూసోవెట్టుకోవాల్నా? ముందటి సీటు నరేష్‌ది. అద్దంల ఎనుకొచ్చే బండ్లు చూసి వాడు చేతితోని చూపెడుతడు, గది మా ఒప్పందం. కౌసల్యకు ఆఖరి సీటు అలవాటే. సంచులు పట్టుకొని సక్కగ కూసుంటది, ఒక్క మాటనదు.

ఒక్కటి యాదికి పెట్టుకో. డ్రైవరన్నోడు ముందటికి చూడాలె. ఎనుక ఎవలెక్కిన్రు, ఎవలు దిగిన్రు అనేది కండక్టర్ పని. నాకిప్పుడు కండక్టర్ లేడు, పల్లి పీకుతుండు. ఐనా ఫికర్ లేదు.

పదో తారీకు బయలెల్లుతున్నం. చీరాల నుంచి రాస్త. నువ్వు కుళ్లుకోవాలె.

అమరేందర్


చీరాల,
11 ఫిబ్రవరి 2024

తమ్మీ,

లాడ్జిల కూసొని రాస్తున్న. ట్రిప్పు బ్రహ్మాండం. నువ్వు రానందుకు ఏడ్వాలె.

కోడి కూయకముందే బయలెల్లినం. నీ దగ్గర దాచెడిదేముంది, మిర్యాలగూడ రాంగనె నా చెయ్యి దానంతట అదే తిరిగింది. బండి తీస్కపోయి బస్టాండుల, చీరాల బండి నిలవడే ప్లాట్‌ఫారం మీద పెట్టిన. ఇంజన్ బంద్ చేసి చాయ్ కోసం దిగబోతున్న గూడ. నాకు తెలివొచ్చేసరికి జనం సంచులు పట్టుకొని అద్దాలు కొడుతున్నరు. ఒగాయన అద్దంల నుంచి తువ్వాల లోపట ఏసి సీటు ఆపుకున్నడు, అది మనీష ఒడిల పడ్డది. నరేష్ దిగి అందరికి దండం పెట్టుకుంట సముదాయించిండు.

ఒక ముసలమ్మ మాత్రం తలుపు తీసి ఎక్కి కూసున్నది. పేరు రామమ్మ. నరసరావుపేటల బిడ్డ దగ్గరికి పోవాల్నంట. బస్సు గాదమ్మా అంటే దిగది, "టికెట్టెంత నాయినా" అంటది. మనస్విని నవ్వలేక సచ్చింది. తొవ్వనే గదా, ఉండనీ అన్న. కౌసల్య ఆమెను తన పక్కన ఆఖరి సీట్ల కూసోవెట్టుకొని, చలికి వణుకుతుందని తన షాలువ కప్పింది.

పిడుగురాళ్ల కాడ చాయ్ తాగిన. అక్కడికెల్లి ఏం విశేషం లేదు. చీరాల చేరినం. కౌసల్య కొంచెం దూరం బస్సుల వచ్చింది. ఆమెకు బస్సుల పోబుద్ధైంది. ఆడోళ్ల కోరికలు నీకు తెల్వనియా.

సముద్రం చానా బాగున్నది. అలలు తెల్లగ, పెద్దగ వస్తున్నయి. ఒకటి పోంగనె ఇంకోటి వస్తున్నది. గాలి గూడ మంచిగున్నది. ఇసుక గూడ మంచిగున్నది. పిల్లలు నీళ్లల్ల ఆడిన్రు. కౌసల్య తలకాయ నొస్తుందని లాడ్జిల పండుకుంది, సముద్రం కాడికి రాలే.

తాళంచెవి సంగతి ఇంక తేలలే. తేలుతది. ప్రస్తుతానికి నరేష్ తాన ఉన్నది, వాని జేబు పెద్దగుంటదని ఇచ్చిన.

అమరేందర్


ఆత్మకూర్,
21 ఫిబ్రవరి 2024

అమరేందరన్నా,

నీ ఉత్తరం పిడుగురాళ్ల చాయ్ దాక మస్తుగున్నది. అక్కడికెల్లి అలలు, గాలి, ఇసుక. నువ్వు అలల గురించి మాట్లాడుడు నేను పుట్టి ఎరుగ. సముద్రం ముంగట కూసొని గూడ టైర్ల గురించి మాట్లాడే మనిషివి.

ఆ పొద్దు నేను చేన్ల ఉన్న. కొత్త నంబరు నుంచి ఫోనొచ్చింది. "సైదులూ, నేను వదినను. మీ అన్న నన్ను పిడుగురాళ్ల కాడ ఇడిశిపెట్టి పోయిండు" అన్నది. నా చేతిల పల్లిచెట్టు చేతిలనే ఉన్నది.

ఆమె ఫోను, పైసల సంచి మీ బండిల ఉండె. మన తెలంగాణ బండి ఒకటి వస్తే చెయ్యెత్తి ఎక్కిందంట. ఆడోళ్లకు ఫ్రీ గదా అంటే, "అమ్మా, వాడపల్లి బ్రిడ్జి దాటినంక ఆంధ్ర, ఈడ ఫ్రీ లేదు" అన్నడంట కండక్టర్. "నేను డ్రైవర్ అమరేందర్ పెండ్లాన్ని. ఆయన నన్ను మర్శి పోయిండు. పైసలు ఆయన తాన ఉన్నయి" అని చెప్పిందంట. బస్సంత ఒక్కటే నవ్వుడు. ఆ బండి డ్రైవర్ ఎవరనుకున్నవు? మన యాదయ్య, నీ దగ్గర చెయ్యి తిరిగినోడే. టికెట్ ఆయనే తీసి, ముందటి సీట్ల కూసోవెట్టి, ఫోన్ చేతికిచ్చిండు. అంటే ఇప్పటికి డిపో మొత్తం తెలిసినట్టే. కారంపొడి పేరు ఇగ మర్శిపోతరు, ఫికర్ చెయ్యకు.

వదినకు కంఠపాఠం ఉన్న నంబరు ఒక్క నాదేనంట. ఎట్లుండది? నువ్వు ఇంటికి ఫోన్ చేసేటోనివి గాదు. బండి ఏడికొచ్చింది, మనిషి తిన్నడా అని ఆమె అడిగేది నన్నే. నరేష్‌కు నేనే ఫోన్ చేసి, ఎనుకకు ఉరుకకుండ్రి, అమ్మ చీరాల బండిల ఉన్నది అని చెప్పిన. నా పేరు చెప్పకుమన్న. నువ్వేం రాస్తవో చూద్దామని. ఇసుక గురించి రాసినవు.

ఇగ నా సంగతి. నీ మొదటి ఉత్తరం రాకముందే నరేష్ నాకు ఫోన్ చేసిండు. "కాకా, బాపు నీ మాటైతే ఇంటడు. స్టీరింగ్ ఇడువుమని జర చెప్పు" అని బతిలాడిండు. నాకు నోరు రాలే. పల్లి వంక పెట్టుకున్న. నువ్వన్నది నిజమే, పీకేది కైకిలోళ్లే. నీ పక్కన కూసుంటే తప్పును తప్పనాల్సొస్తదని రాలే.

ఎట్లనో చెప్పుడు మొదలైంది, ఇదిగూడ ఇను. నీ సర్వీసు ఆఖరుకు మన బండి బెల్లు పాడైంది, బాగుచేస్తలేరు అని నేను తిట్టుకుంట ప్రతి స్టేజి కాడ ముందటికొచ్చి నీ భుజం తట్టేటోన్ని గదా. బెల్లు మంచిగనే మోగేది అన్నా. బస్సుల అందరికి వినవడేది. ఒక్క నీకు తప్ప.

వదిన ఇంకో మాట గూడ చెప్పింది. అది నేను రాయ. నువ్వే అడుగు. అడిగే ముంగట మిషిని చెవుల పెట్టుకో.

తమ్ముడు,
సైదులు


నల్లగొండ,
28 ఏప్రిల్ 2024

సైదులూ,

అలిగిన. రెండు నెలలు అలిగిన. ఉత్తరం చింపబోయిన గూడ, మల్ల చదువుకోవాల్ననిపిస్తదేమోనని ఆగిన. బెల్లు సంగతి నువ్వు చెప్పకుంటే నీ సొమ్మేం పోతుండె? అందరికన్న మంచి డ్రైవర్‌నని ఇన్నేండ్లు విర్రవీగితిని. నా భుజం అరిగిందే తప్ప నాకు తెలివి రాలే.

జరిగింది జరిగినట్టు రాస్త.

పిడుగురాళ్ల కాడ నేను చాయ్ తాగి వచ్చి కూసున్న. బండిల అందరు నిద్ర. నరేష్ ఒక్క కన్ను తెరిచి ఎనుకకు చూసిండు. ఆఖరి సీట్ల అమ్మ షాలువ కనవడ్డది, అమ్మ పండుకున్నది అనుకొని మల్ల కన్ను మూసిండు. నేనైతే చూడనే లే. నా పని గాదు గదా! పోనిచ్చిన. మంచి స్పీడు మీద పోనిచ్చిన. నా అంతటోడు లేడనుకుంట, మనసుల పాట గూడ పాడుకుంట.

నరసరావుపేట పొలిమేరల అద్దంల చూస్తే షాలువ కదిలింది. షాలువలకెల్లి రామమ్మ మొఖం బయటికొచ్చింది. "నాయినా, మా ఊరొచ్చిందా?" అన్నదంట. మనస్విని ఎనుకకు మలిగింది, మనీష మలిగింది, నరేష్ మలిగిండు. నేను బండి పక్కకు ఆపిన. గప్పుడు నాకేమేం యాదికొచ్చినయో చెప్పనీకి రాదు. ఎన్ని లారీలు తిరుగుతయి గా రోడ్డు మీద! ఆమె తాన పైస లేదు, ఫోను లేదు. గీ చెవిటోన్ని నమ్ముకొని ఇల్లిడిసి వచ్చిన మనిషి. స్టీరింగ్ నా చేతుల పట్టువడలే. నరేష్ దిగొచ్చి, నన్ను పక్కకు జరిపి, వాడు కూసున్నడు. వెనుకకు మలిపి జర దూరం పోయినమో లేదో, వానికి ఫోనొచ్చింది. అమ్మ బస్సుల ఉన్నదన్నడు. ఆ ఫోను నీదని నాకేం ఎరుక?

చీరాల బస్టాండుల కౌసల్య బల్ల మీద కూసొని, యాదయ్య కొనిచ్చిన బఠాణీలు తింటున్నది. నేను ఉరికిన. ఏడుస్తదనుకున్న, తిడుతదనుకున్న. "వచ్చిన్రా" అన్నది. అంతే. బఠాణీల పొట్లం మనస్విని చేతిల పెట్టి లేసింది.

ఇంటికొచ్చినంక నాకు సిగ్గుండాల్నా వద్దా? లేదు. ఇన్ని దినాలు వాదిచ్చిన. షాలువ కప్పుకున్నది రామమ్మ, చూసి గూడ చూడనిది నరేష్, చెప్పకుండ దిగింది కౌసల్య, నా తప్పేముంది, తాళంచెవి ఇయ్యి అన్న. కింద పడ్డా నాదే పైచెయ్యి.

నిన్న ఇంట్ల ఎవ్వరు లేరు. డబ్బాలకెల్లి మిషిని తీసి పెట్టుకున్న. కౌసల్య వంటింట్ల చింతపండు పిసుకుతున్నది. ఎదురుంగ పీటేసుకొని కూసున్న. "సైదులుకు ఏం చెప్పినవు" అన్న. ఆమె నా చెవు దిక్కు చూసింది. మిషిని ఉన్నదా లేదా అని చూసుకొని చెప్పింది. ఎట్లన్నదో గట్లనే రాస్తున్న.

"నువ్వు మర్శిపోలేదయ్యా, నేనే ఎక్కలే. చాయ్ గిలాస చేతిల పట్టుకొని బండి పక్కనే నిలవడ్డ. నువ్వొచ్చి కూసున్నవు, తాళం తిప్పినవు. తలుపు మీద ఒక్క దెబ్బ కొడితే పిల్లలు లేస్తుండె. చెయ్యెత్తిన గూడ. కొట్టలే. పెండ్లైన కాడికెల్లి నీ ఎనుక సీట్లనే కూసున్న. ఒక్కపారన్న మలిగి, ఉన్నదా లేదా అని చూస్తడేమోనని ఆగిన. బండి మూల తిరిగేదాక చూసిన. నువ్వు చూడలే."

గీ మిషిని ఎందుకు పెట్టుకుంటిరా అనుకున్న. నవ్వులాటకు రాస్తలేను సైదులూ. ఏడ్చిన. ఆమె ముంగటనే ఏడ్చిన. ఆమె చింతపండు చేతితోనే నా కండ్లు తుడువబోయి, మంట లేస్తదని కొంగుతోని తుడిచింది.

పొద్దుమూకినంక నరేష్ వచ్చిండు. ఇన్ని దినాలు నేను దొంగచాటుగ దాచుకున్న రెండో తాళంచెవి గూడ తీసి వాని చేతిల పెట్టిన. వాడు బిత్తరపోయి "ఒప్పందం సంగతి తర్వాత మాట్లాడుదాం బాపూ" అన్నడు. ఒప్పందం కోసం ఇస్తలేను బిడ్డా అన్న. ఒప్పందమే ఐతే ఇంకో ఏడాది కొట్లాడుతుంటి.

ఇగ నేను బండి నడుప. నువ్వు మాత్రం జాలి పడి ఉత్తరం రాసినవనుకో, చింపేస్త.

అమరేందర్


ఆత్మకూర్,
12 మే 2024

అన్నా,

జాలి పడను. ఒక్కటే అడుగుత. రామమ్మను నరసరావుపేటల దింపిన్రా, లేక మలిపి మల్ల పిడుగురాళ్ల దిక్కు తోలుకపోయిన్రా? నాకు నిద్ర పడుతలేదు.

నీ ఉత్తరం ఈదమ్మకు చదివిన. చదువకుంటే బాగుండు. "అమరేందర్ బావ నయం, కొసకన్న ఏడ్చిండు. నువ్వు బస్సుల యాభైమందిని లెక్కవెట్టినవు, పొద్దుమూకితే కోళ్లను లెక్కవెడుతున్నవు. ఇంట్ల నేను తిన్ననా లేదా అని ఏనాడన్న లెక్క తీసినవా?" అన్నది. నీ పుణ్యాన నాకు గూడ సురక తగిలింది. ఇప్పుడు దినాం "తిన్నవా" అని అడుగుతున్న. "ఊకె అడిగి పానం తియ్యకు" అంటున్నది.

వదినకు సముద్రం చూపియ్యి అన్నా. గంత దూరం బస్సుల పోయి లాడ్జి గోడ చూసి వచ్చింది. మల్ల పోండ్రి. ఆమె పక్కన కూసో. పోయినప్పుడు రోడ్డెట్లున్నదో రాయి, కొత్త రోడ్డు పడ్డదంటున్నరు. పిడుగురాళ్ల కాడ మన చాయ్ కొట్టు ఉన్నదో లేదో చూసి రాయి. నువ్వైతేనే సక్కగ చూస్తవు.

సైదులు


చీరాల,
24 నవంబర్ 2024

తమ్మీ సైదులూ,

వచ్చినం. పోయినసారి రామమ్మను దింపినం, ఇంటి ముంగటనే దింపినం. వాళ్ల బిడ్డ మాకు చాయ్ పోసి, "మీ సర్వీసు దినాం ఉంటదా" అని అడిగింది. అది రాయ మర్శిన, నిద్రపో.

ఈసారి మనస్విని నడిపింది. నరేష్ ఆమె పక్కన, మనీష నడుమల. నేను, కౌసల్య ఆఖరి సీట్ల. ఇంతమందిని ఇన్నేండ్లు ఎనుక కూసోవెట్టుకొని తోలిన, ఎనుకెట్లుంటదో నాకు తెల్వదు. తమ్మీ, అది నరకం. గాలి రాదు. గుంత పడ్డదంటే నెత్తి పోయి పైన తగులుతది. కాళ్లు చాపుదామంటే సంచులు. వాడపల్లి బ్రిడ్జి రాకముందే నాకు కడుపుల తిప్పింది. నాకు! డ్రైవర్ అమరేందర్‌కు! "ఆపు బిడ్డా" అని ఒర్లి, దిగి, రోడ్డు పక్కన కూసున్న. నరేష్ నవ్వి నవ్వి బానెట్టు మీద పడ్డడు.

కౌసల్య కొంగుల ముడి విప్పి నిమ్మకాయ తీసింది, వాసన చూడుమన్నది. ఎప్పటిసంది తెచ్చుకుంటున్నవు నిమ్మకాయ అన్న. "పెండ్లైన కాడికెల్లి" అన్నది. నాకెందుకు చెప్పలేదన్న. "నువ్వు నడుపుతున్నవు గదా" అన్నది. బండిల ఎనుక కూసుంటే తిప్పుతదని నా భార్యకు తెలుసు, నాకు తెల్వదు. గీ మొఖానికి డిపోల షాలువ కప్పిన్రు.

అక్కడికెల్లి మిషిని తియ్యలే. గాలి మోత, టైర్ల మోత, మనస్విని పాటలు, అన్ని వినుకుంట వచ్చిన. కౌసల్య ఏందేందో చెప్పింది. పెండ్లైన కొత్తల నా బండిల పుట్టింటికి పోతుంటే, నేను యూనిఫాం ఏసుకొని అద్దంల మీసం సవరిచ్చుకునుడు చూసి నవ్వుకుందంట. నరేష్ కడుపుల ఉన్నప్పుడు గుంతలల్ల భయపడ్డదంట. నువ్వొకనాడు నాకు తెల్వకుండ ఆమె టికెట్ పైసలు నీ జేబుల నుంచి కట్టినవంట, నాకెన్నడు చెప్పినవురా నువ్వు? ఇన్ని మాటలు కడుపుల పెట్టుకొని ఎట్ల కూసున్నదో. నేను అడుగుకుంట పోయిన, ఆమె చెప్పుకుంట పోయింది.

ఓడరేవుల పొద్దుమూకేటప్పుడు దిగినం. ఆమె చీర జర పైకెత్తి పట్టుకొని మోకాళ్ల దాక నీళ్లల్లకు పోయింది. నాకు ఈత రాదని ఆమెకు ఎవలు చెప్పిన్రో, "నువ్వు ఒడ్డుకే ఉండు" అన్నది. ఐనా పోయిన. భయంతోని ఆమె రెక్క పట్టుకొని నిలవడ్డ. అల వచ్చి కొడితే నా చెప్పు ఒకటి సముద్రంల పోయింది. దాని గురించి పిల్లలు ఇంక నవ్వుతనే ఉన్నరు.

రోడ్డెట్లున్నదో రాయమన్నవు. చాయ్ కొట్టు ఉన్నదో లేదో చూసి రాయమన్నవు. ఒకప్పుడు ఆ తొవ్వల ఏ గుంత, ఏ మోరీ ఏడుందో నిద్రల లేపి అడిగినా చెప్పేటోన్ని. ఇప్పుడు ఏమడిగినా నాకు తెల్వదు తమ్మీ. పిడుగురాళ్ల ఎప్పుడు దాటినమో గూడ తెల్వదు. కౌసల్య మాట్లాడుతుండె. నేను ఆమె దిక్కు మలిగి కూసున్న.

మీ అన్న,
అమరేందర్